కుడి పక్కన

చింతామణిలో మా మిద్దె మీద పొద్దున ఆరు గంటలకు చాప పరుస్తాను. పన్నెండు సూర్య నమస్కారాలు. ముప్పై ఏండ్లు నిలబడి పాఠాలు చెప్పిన మోకాళ్లు నావి. రిటైరయ్యాక యోగా శిబిరంలో నేర్చుకున్నాను. అక్కడ మాస్టరు ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టేవారు. మిత్రుడు, రవి, సూర్యుడు, భానుడు అంటూ ఒక్కో నమస్కారానికి ఒక్కో పేరుంది. శిబిరంలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు కాబట్టి పేర్లు పలకలేదు. నాకది తప్పనిపించలేదు. పక్క చాప మీద వంగిన ముస్లిం టీచరమ్మ నడుము నొప్పీ, నా నొప్పీ ఒకటే కదా.

అమ్మ మాత్రం ఒప్పుకోదు. "ఎవరికి పెడతాండావు ఆ నమస్కారం?" అంటుంది.

ఆమెకు 82 ఏండ్లు. ఆమెకు తెలిసిన వ్యాయామమల్లా ప్రదక్షిణమే. చిక్కబళ్లాపురం పక్కన నంది ఊళ్లో ఒకే ప్రాకారం లోపల అరుణాచలేశ్వరుడు, భోగనందీశ్వరుడు, ఇద్దరి నడుమ చిన్న ఉమామహేశ్వర గుడి. పైన కొండ మీద యోగనందీశ్వరుడు. అరుణాచలేశ్వరుడిది పసితనం, భోగనందీశ్వరుడిది యౌవనం, కొండ మీది స్వామిది వైరాగ్యం అని చెప్తారు. కొత్తగా పెళ్లైనవాళ్లు నడిమి గుడిలో మొక్కుతారు. కొండ మీద మాత్రం సంబరాలు ఉండవు. బాగేపల్లి నుంచి కోడలిగా వచ్చిన ఏడాది మొదలు అమ్మ ఆ రాతి పరుపు మీద వట్టికాళ్లతో ఎన్ని చుట్లు తిరిగిందో. నేను పావడా పట్టుకుని వెనకాల నడిచేదాన్ని.

రెండూ చేసిన మనిషిగా నాకు తెలిసిన తేడా ఒక్కటే. చాప మీద నన్ను నేనే చూసుకుంటాను: వెన్ను నిటారుగా ఉందా, ఊపిరి ఎక్కడ ఆగింది, మోకాలు ఏమంటోంది. గుడి చుట్టూ తిరిగేటప్పుడు దేవుడు కుడి పక్కన ఉంటాడు. ప్రదక్షిణం అన్న మాటలోనే ఆ కుడి ఉంది. అప్పుడు నా మోకాలి సంగతి నాకే గుర్తుండదు.

దేవుడి పేరు పక్కన పెట్టి కదలికను మాత్రం ఉంచుకోవడం మన దగ్గర మాత్రమే జరిగింది కాదు. ఇక్కడ 1920లలో ఔంధ్ రాజా భవన్‌రావు సూర్య నమస్కారాలను అందరి ఆరోగ్యం కోసం ప్రచారం చేశాడు, అయినా మంత్రాన్ని వదల్లేదు. చైనాలో 1950లలో లియు గుయ్‌జెన్ పాత శ్వాస సాధనలను చీగోంగ్ అన్న పేరు కింద చేర్చి, మతపు మాటలు తీసేసి, ఆసుపత్రి వైద్యంగా నేర్పాడు. యుద్ధవిద్యగా పుట్టిన తాయ్‌చీని 1956లో అక్కడి క్రీడా సంఘం 24 భంగిమలకు కుదించింది. చీగోంగ్‌లో చిన్న కదలికనే ఊపిరితో కలిపి మళ్లీ మళ్లీ చేస్తారు; తాయ్‌చీ ఒక భంగిమలోంచి మరో భంగిమలోకి ఏరులా సాగుతుంది. మా మిద్దె మీది పన్నెండు నమస్కారాలూ, అమ్మ చుట్లూ నాకు అలాంటి జతగానే కనిపిస్తాయి. పేరు తీసేసినా నొప్పి తగ్గుతుంది, నాకు తగ్గింది. కానీ అమ్మ ప్రశ్న తగ్గలేదు. నమస్కారం అన్నాక ఎదుట ఒకరుండాలి.

పోయినేడు అమ్మ బచ్చలింట్లో జారిపడింది. నందికి పోవడం మానుకుంది, దగ్గరున్న కైవారానికి కూడా. అక్కడి యోగి కైవారం తాతయ్య గాజుల మలారం మోసుకుని ఊరూరూ తిరిగినవాడు. "తిరిగీ తిరిగీ కదమ్మా తాతయ్య గవిలో కూర్చునింది," అని తనే సర్దిచెప్పుకుంది.

ఇప్పుడు దేవుడి గదిలో ఆత్మప్రదక్షిణం చేస్తుంది. నిలబడ్డ చోటే తన చుట్టూ తాను మూడుసార్లు. గుడిలో దేవుడు ఉన్న చోట ఇక్కడ తనే ఉంది. ఇన్నాళ్లూ నేను పట్టుకున్న తేడా ఇక్కడ నిలబడలేదు. మిద్దె మీద నన్ను నేను చూసుకోవడానికీ దీనికీ దూరం ఎంతో నాకింకా తేలలేదు.

ఆమె ఒంటరిగా తిరగలేదు. మణికట్టు పట్టుకుంటాను. పట్టు వదలకూడదంటే, ఆమె తిరిగేకొద్దీ నేనూ ఆమె చుట్టూ అడుగులు వెయ్యాలి. నిన్న మూడో చుట్టులో చూసుకున్నాను. అమ్మ నా కుడి పక్కన ఉంది.