కౌంటరుకు అవతలి వైపు

పండగ ముందు రోజు బజారు మీద నవ్వించే బొమ్మ గీయమంటే చాలామంది చెయ్యి ఒకే చోటికి పోతుంది. చీరల కొట్లో ఎంతకీ తెమలని భార్య, బయట సంచులు మోస్తూ నిలబడ్డ భర్త. మన వారపత్రికల్లో ఈ జోకు తరాలుగా నడుస్తోంది. నవ్వొస్తుంది, నిజమే. కానీ ఆ గీసినవాళ్ళు బజారుకు వెళ్ళి కొత్తగా చూసిందేమీ అందులో కనబడదు.

అమెరికా చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ అదే రద్దీని మరో చోట నిలబడి చూశాడు. 1947 డిసెంబరు 27 నాటి ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ ముఖచిత్రం అది. క్రిస్మస్ ముందు సాయంత్రం, కొట్టు మూసే వేళ దాటింది. ఆటబొమ్మలు అమ్మే మనిషి జోళ్ళు విడిచేసి, కాళ్ళు బారచాపి, వెనక్కి వాలిపోయింది. చుట్టూ అమ్ముడుపోని బొమ్మలు. వాటికీ ఆమెకూ పెద్ద తేడా లేదు, ఒంట్లో ఎముకలే లేనట్టుంది అందరికీ. నవ్వు పుట్టేది అక్కడే. పుట్టిన మరుక్షణం ఆమె అరికాళ్ళ మంట మనకు తెలుస్తుంది.

కొనడానికి వచ్చినవాళ్ళు ఆ చిత్రంలో ఒక్కరూ లేరు. నాకు దాని గొప్పతనమంతా ఇందులోనే ఉందనిపిస్తుంది. పొద్దుటి నుంచీ ఆమెను పరుగులు పెట్టించినవాళ్ళు ఇళ్ళకు చేరి, తీరిగ్గా ఆ పత్రిక చేతిలోకి తీసుకుని ఉంటారు. రాక్‌వెల్ వాళ్ళను తిట్టలేదు, వెక్కిరించలేదు. వాళ్ళు వచ్చేశాక ఆ కొట్లో ఏం మిగిలిందో చూపించాడంతే.

అప్పట్లో అతను వెర్మాంట్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ అనే చిన్న ఊళ్ళో ఉండేవాడు. చుట్టుపక్కలవాళ్ళనే కూర్చోబెట్టి, ఫొటోలు తీయించి, ముందు బొగ్గుతో గీసుకుని, ఆపైన నూనె రంగులు వేసేవాడు. చివరి నిమిషపు ఉరుకులాట మీద బొమ్మ, దాని వెనక అంత నిదానమైన పని. ఒక మనిషి అలసటను అంతసేపు శ్రద్ధగా చూడటం కూడా ఆ మనిషిని గౌరవించడమేనని నేను నమ్ముతాను. తొందరలో ఉన్నప్పుడు మనకు ధర కనిపిస్తుంది, రంగు కనిపిస్తుంది, వస్తువు అందించే చెయ్యి కనిపిస్తుంది. ముఖం కనిపించదు.

ఆ ముఖాలను రాక్‌వెల్ కంటే ముందే చూసినవాళ్ళున్నారు. అమెరికాలో 1899లో ఏర్పడిన నేషనల్ కన్స్యూమర్స్ లీగ్‌ను నడిపిన ఫ్లోరెన్స్ కెల్లీ, క్రిస్మస్ కొనుగోళ్ళు ముందుగా చేసుకోండని జనాన్ని బతిమాలింది. కొట్లలో రాత్రి పొద్దుపోయేదాకా నిలబడే ఆడపిల్లల కోసం, ఆ వేళప్పుడు ఇంటింటికీ సామాన్లు మోసే పిల్లల కోసం. 1939లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ థాంక్స్‌గివింగ్ పండగను వారం ముందుకు జరిపిందీ బజారు కోసమే, అయితే అది, ఆ పండగ అయ్యాకే ఊపందుకునే క్రిస్మస్ అమ్మకాలకు మరికొన్ని రోజులు కావాలని వ్యాపారులు అడిగితే. రెంటిలో నాకు కెల్లీ మాటే దగ్గరగా ఉంటుంది.

మన బట్టల షాపుల్లో ఆడపిల్లలూ పొద్దంతా నిలబడే ఉంటారు. అమ్మేవాళ్ళు కూర్చోవడానికి వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం తెచ్చాయి. కూర్చోవడానికి చట్టం కావలసివచ్చిందంటే, అన్నేళ్ళూ కౌంటరుకు ఇవతల ఉన్న మనం ఏం చూస్తున్నట్టు?

కోఠీలోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, భోగి ముందు రాత్రి షట్టరు సగం దించాక ఓ సేల్స్‌గర్ల్ ఎలా ఉంటుందో గీయడానికి ఎంత సరుకుందో! మనం విప్పించి వద్దన్న చీరలు గుట్టగా పడి ఉంటాయి. జాకెట్టు గుడ్డకు సరిపోయే రంగు దొరక్క ఎవరో వదిలేసిన ముక్కలుంటాయి. వాటి మధ్య ఆమె ఒక్కో మడతా వేస్తూ, ఆఖరి బస్సు టైము చూసుకుంటూ ఉంటుంది. అందులో కావలసినంత హాస్యముంది, ఆమె కూడా చూసి నవ్వగలిగే హాస్యం. కార్టూన్ల పోటీలు పెట్టే పత్రికలు ఈ సంక్రాంతికి ఆ వైపు నుంచి గీసిన బొమ్మలు పంపమని అడగాలని నా కోరిక.