విద్యయు, ఋణమును

విద్యార్థి మనస్సున కలుగు కలత యాతని దౌర్బల్యమా, లేక యితరులాతనిపై మోపిన బరువా యను ప్రశ్నము నేడు మన యిండ్లలో నిత్యము లేచుచున్నది. కళాశాలకు పోవు బాలునకు నిద్ర పట్టకున్నను, అన్నము సహింపకున్నను, పుస్తకము తెఱచి యొకే పుటను గడియసేపు చూచుచు కూర్చుండినను, పెద్దలు "ధైర్యము తెచ్చుకొమ్ము, అందఱును చదువుట లేదా" యని మందలింతురు. దీనిని నేటివారు ఒత్తిడి యందురు. ఒత్తిడిని జయించు నుపాయములను బోధించు గ్రంథములకును, ఉపన్యాసములకును కొదువ లేదు. అవి చెప్పు వ్యాయామమును, ప్రాణాయామమును, కాలనియమమును మేము తృణీకరింపము. కాని నెత్తిన మూట పెట్టుకొని తూలుచు నడచువానికి నడక నేర్పుటకు ముందు ఆ మూటను దింపి, అందేమున్నదో విప్పి చూచుట న్యాయము. ఈ వ్యాసమున మేము చేయదలచినది యంతియే.

ఇందులకు మేము రాయికల్ ప్రాంతమును దృష్టాంతముగా గైకొందుము. రాయికల్ జగిత్యాల జిల్లాలోని మండలకేంద్రము. 2018 నుండి పురపాలక పట్టణము. చుట్టుపట్ల వరిపొలములు, పసుపుచేలు, మామిడితోటలు కలవు. అయినను ఇక్కడి యనేక కుటుంబములకు ప్రధానమైన పంట పొలమున పండదు. అది దుబాయి, మస్కటు, సౌదీ, కువైటుల నుండి నెలనెల రావలయును. ఇంటి యజమాని యెడారి నగరమున కూలిపని చేయుచుండగా, ఇల్లాలు ఒడిలో చాట పెట్టుకొని, తునికాకున పొగాకు చుట్టి, వేయి బీడీల లెక్కన కూలి గడించును. కోరుట్లయందును ఇదియే తీరు. సిరిసిల్లలో సాంచెల చప్పుడు నడుమ బ్రదుకు నేతపనివారి యిండ్లలో పని దొరకుట యనిశ్చితము, అప్పు మాత్రము నిశ్చితము. ఇట్టి యిండ్లలోని పిల్లలు ఇంటర్మీడియెటునకు జగిత్యాలకో కరీంనగరమునకో, ఇంజనీరింగునకు 2007 లో నాచుపల్లియందు స్థాపింపబడిన జె.ఎన్.టి.యు. కళాశాలకో, ఇంకను దూరముగా హైదరాబాదునకో పోవుదురు.

ఆ బాలుడు బస్సెక్కునపుడు పుస్తకముల సంచి నొక్కదానినే మోసికొని పోవుట లేదు. తండ్రి విమానమెక్కుటకు చేసిన యప్పు, దానిపై నూటికి రెండు రూపాయల మిత్తి, అక్క పెండ్లికి కుదువ పెట్టిన బంగారము, చిట్టి పాడి తల్లి కట్టిన ఫీజు, ఇవన్నియు నాతనితో బస్సెక్కును. వాని నన్నిటిని ఒక్క మాటలో మూటగట్టి తల్లిదండ్రులు వాని చేతికిత్తురు: "నీ కోసమే బిడ్డా, ఈ కష్టమంత!"

ఈ మాటలో అసత్యము లేదు. దురుద్దేశము అసలే లేదు. చదువు లేమి యెట్టిదో ఆ తండ్రికి పుస్తకములు చెప్పనక్కఱలేదు. పదవ తరగతి దాటనివాడు గల్ఫు దేశములకు పనికి పోవలెనన్న ఎమిగ్రేషను అనుమతి వేఱుగ పొందవలయును. దాటినవాని కా బాధ లేదు. అనగా చదువు గలవాడు, లేనివాడు అను భేదమును ఆతడు తన పాసుపోర్టుననే చూచినాడు. తన కొడుకున కా గతి పట్టరాదని యాతని కోరిక. అయినను, చెవిన బడునపుడు ప్రేమగా నున్న యీ మాట, ఫలితములు వెలువడునాటికి ప్రామిసరీ నోటుగా మాఱును. నిజమైన నోటున అసలెంత, మిత్తి యెంత, గడువెప్పుడు అనునవి వ్రాసియుండును. ఈ నోటున అవేవియు లేవు. ఎన్ని మార్కులు వచ్చిన తీరునో, ఏ యుద్యోగము దొరకిన తీరునో యెవరును చెప్పరు. కనుకనే యిది తక్కిన యన్ని నోట్లకంటెను బరువైనది.

పని వేఱు, ఋణము వేఱు. పనివలన మనుష్యుడు అలయును. విశ్రమించి మరల లేచును. 1908 లో యర్క్సు, డాడ్సను అను అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకలకు విద్యుత్తు తాకించుచు నేర్పు నలవఱచి చూచిరి. సులభమైన పనియందు తాకిడి హెచ్చినకొలది నేర్పును హెచ్చెను. కఠినమైన పనియందో, తాకిడి కొంతమేర దాటినంతనే నేర్పు మందగించెను. 1936 లో హాన్సు సెల్యే యను వైద్యశాస్త్రజ్ఞుడు, చలి, గాయము, విషము మున్నగు వేర్వేఱు బాధలకును జంతుశరీర మొక్కతీరుననే స్పందించుననియు, బాధ యెడతెగక సాగినచో తుదకు శక్తి యుడిగిపోవుననియు ప్రకటించెను. వీనినుండి మేము గ్రహించు నీతి యొక్కటి కలదు. కొంత ఒత్తిడి లేక విద్య లేదు. తెరపి లేని యొత్తిడితో విద్య నిలువదు. పాఠము రాత్రి పది గంటలకు ముగియును. ఋణము ముగియదు, అది నిద్రించువాని ప్రక్కను మేల్కొనియుండును.

"మా కాలమున ఈ ఒత్తిళ్లు లేవే" యని పెద్దలనవచ్చును. నిజమే, వారి కాలమున పాఠములు నేటికంటె సులభములు గావు. సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో 1931 లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు నిజాము రాజ్యమున ఉర్దూ మాధ్యమమున చదివిరి. ఇంటి భాష యొకటి, బడి భాష మఱొకటి. అట్టి విద్యార్థియే పిమ్మట తెలుగు కవియై, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందెను. పాఠ్యమెంత కఠినమైనను మనస్సు దానిని దాటగలదనుటకు ఇది నిదర్శనము. కాని నాడు చదువుకొన్నవారు కొందఱు. చదువు రానివాడు పొలమునకో మగ్గమునకో మరలిపోయిన నెవరును వానిని పతితునిగా చూడలేదు. నేడు పొలము చిక్కిపోయినది, మగ్గము కూలి గిట్టుబాటు కాలేదు, ఎడారి పిలుపు భయపెట్టుచున్నది. మిగిలిన ద్వారమొక్కటియే యని యింటిల్లిపాదియు నమ్ముటచే, ఆ ద్వారముకడ నిలిచిన బాలునిపై అందఱి బరువును పడుచున్నది.

ఆ బరువు ఫలమేమో తెలంగాణము చూచినది. 2019 ఏప్రిలు 18 వ తేదీన ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడెను. మూడు లక్షలకు పైబడి విద్యార్థులు తప్పినట్లు ప్రకటింపబడెను. తరువాతి దినములలో ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. ఫలితముల తయారీలో తప్పులు దొర్లినవని గగ్గోలు పుట్టగా, ప్రభుత్వము విచారణసంఘమును నియమించి, తప్పినవారి జవాబుపత్రములను రుసుము లేకుండ తిరిగి పరిశీలింపజేసెను. అందు వేయిమందికి పైగా ఉత్తీర్ణులైనట్లు తేలెను. జాతీయ నేరగణాంకముల ప్రకారము 2022 లో దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య కావించుకొనిరి. ఏ మరణమునకైనను కారణమొక్కటియే యనుట సాహసము. కాని 2019 నాటి చర్చయంతయు "మార్కులు తప్పుగా వేసిరా, సరిగా వేసిరా" యను చోటనే యాగిపోయినది. మార్కులన్నియు సరిగానే వేసియుండిన ఆ పిల్లల మరణము న్యాయమగునా? ఈ ప్రశ్నము నడుగువారు తక్కువైరి.

ఇపుడు ధర్మవిచారమునకు వత్తము. బిడ్డ తల్లిదండ్రులకు ఋణగ్రస్తుడు గాడా యని యడుగుదురు. మన ప్రాచీనులు ఋణత్రయమును చెప్పినమాట నిజము. తైత్తిరీయ సంహితలో బ్రాహ్మణుడు మూడు ఋణములతో పుట్టుననియు, బ్రహ్మచర్యముచే ఋషులకును, యజ్ఞముచే దేవతలకును, సంతతిచే పితరులకును ఆ ఋణములు తీఱుననియు కలదు. నాడది యొక వర్ణమును గూర్చి చెప్పిన మాట. విద్య యందఱి సొత్తైన నేడు దానిని అందఱకును అన్వయించుకొనుటలో దోషము లేదు. అందలి యేర్పాటును శ్రద్ధతో చూడుడు. చదువుచే తీఱునది ఋషుల ఋణము, తండ్రి ఋణము గాదు. తండ్రి ఋణము తండ్రికి తిరిగి చెల్లింపబడునది గాదు. రాబోవు తరమునకు చెల్లింపబడునది. తనను పెంచినట్లు తానింకొకరిని పెంచుటయే దానికి రసీదు. తండ్రి యప్పును కొడుకు మార్కులతో తీర్పజూచుట ఒకరి ఖాతాలోని సొమ్మును మఱొకరి ఖాతాలో వ్రాయుట వంటిది. సంప్రదాయమును పట్టుకొని వాదించువారు ఈ లెక్కను గూడ పాటింపవలయును.

"భయము తీసివేసిన పిల్లలు సోమరులగుదురు" అని యొక యాక్షేపణ. ఋణము లేదనుట పని లేదనుట గాదు. ఋషుల ఋణము విద్యార్థిపై నుండనే యున్నది. శ్రద్ధగా చదువుట వాని ధర్మము. అయితే ధర్మము పాఠముతో సంబంధించినది, పరువుతో గాదు.

"షావుకారు మీ వేదాంతమును వినడు; అప్పు నిజము గదా" యని మఱొక యాక్షేపణ. ఇది యుచితమైన ప్రశ్నము. దీనికి మా సమాధానమిది: అప్పు నిజము గనుకనే దానిని లెక్కింపుడు. పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని అసలింత, మిత్తి యింత, దుబాయి నుండి వచ్చునది యింత, మహిళా సంఘమునకు కట్టవలసిన దింత యని కాగితముపై వ్రాసి చూపుడు. లెక్కించిన అప్పునకు అంతు కలదు. ఇంటర్మీడియెటు తప్పినను అది రూపాయి పెరుగదు. ఉత్తీర్ణుడైనను ఆ నాటికానాడు రూపాయి తరుగదు. ఈ సత్యము తెలిసిన బాలుడు ఇంటి కష్టమున భాగస్వామియగును. తెలియని బాలుడు తానే ఆ కష్టమునకు కారణమని తలచును. కష్టమును దాచుటయు, కష్టమును మెడకు కట్టుటయు రెండును తప్పే. చెప్పుట యొక్కటియే మేలు.

బాలికల విషయమున ఈ బరువునకు వేఱొక రూపము కలదు. కొడుకు తప్పిన అప్పు గుర్తునకు వచ్చును. కూతురు తప్పిన సంబంధము గుర్తునకు వచ్చును. "చదువు అబ్బలేదు, పెండ్లి చేయుదము" అను మాట యామెకు శిక్షగా విధింపబడుచున్నది. తల్లి బీడీలు చుట్టి చదివించిన కూతురిని ఒక్క పరీక్షతో మరల చాటకడకో పీటలమీదికో పంపుట, ఆ తల్లి వ్రేళ్ల శ్రమకే యవమానము. పరీక్షలో రెండవసారి కూర్చుండు హక్కు కొడుకునకెంత కలదో కూతురికిని అంత కలదు.

ఇక విద్యార్థులకు మేము చెప్పదగినది కొంచెము. పరీక్షల ముందు నిద్రను త్యజించుట వీరత్వమని తలపవలదు. 1924 లో జెంకిన్సు, డాలెన్‌బాకు అనువారు ఇరువురు విద్యార్థులచే అర్థము లేని యక్షరకూటములను కంఠస్థము చేయించి, నిద్రించిన పిమ్మట వారి కవి యెక్కువగా జ్ఞాపకముండుటయు, మేల్కొని గడపిన గంటల పిమ్మట తక్కువగుటయు కనుగొనిరి. నిద్రయు చదువులో భాగమే. తప్పినవారికి అదే వేసవిలో సప్లిమెంటరీ పరీక్ష కలదు; ఏడాది పోయినదను భయమే యనేకుల విషయమున నిజము గాదు. మనస్సు చీకటి పడినపుడు ఒక్కరితోనైన చెప్పుకొనవలయును. ఇంట చెప్పలేనివారికి 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ కలదు. 14416 అను సంఖ్యకు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగున మాటాడవచ్చును. హాస్టలులో ప్రక్కమంచము మీది మిత్రుడు కొన్నాళ్లుగా మాటాడుట మానినచో, వానిని ఒంటరిగా విడువక పెద్దలకడకు తోడ్కొనిపోవుట మీ ధర్మము.

కళాశాలల ధర్మమును సుప్రీంకోర్టు 2025 జూలై 25 న స్పష్టపఱచినది. 2023 లో విశాఖపట్టణమున నీట్ పరీక్షకు సిద్ధపడుచుండిన పదునేడేండ్ల బాలిక మరణమును గూర్చిన వ్యాజ్యమది. నూరుగురు గాని, అంతకు మించి గాని విద్యార్థులున్న సంస్థ అర్హుడైన సలహాదారు నొక్కరినైన నియమింపవలెననియు, మార్కులను బట్టి పిల్లలను బ్యాచీలుగా విడదీయరాదనియు, అందఱిలో అవమానింపరాదనియు న్యాయస్థాన మాదేశించినది. ఈ యాజ్ఞ మన జిల్లా కళాశాలలలో అమలగుచున్నదా యని తల్లిదండ్రులు ప్రవేశదినముననే యడుగవలయును. ఫీజు రసీదు నడుగువారు దీనిని గూడ అడుగుటలో తప్పేమి?

తుదకు తల్లిదండ్రులకొక విన్నపము. ఫలితములు వెలువడు దినమున ఎడారినుండి తండ్రి ఫోను చేయును. నాడు తొలి ప్రశ్నము "ఎన్ని మార్కులు?" అనునది గాక "తిన్నవా బిడ్డా?" అనునది కావలయును. ఇది చిన్న మార్పు. దీనికి చట్టము వలదు, ధనము వలదు. అయినను ఆ ప్రశ్నములోని వరుసను బట్టియే బాలుడు తాను ఆ యింటికి బిడ్డయో, తాకట్టు వస్తువో తెలిసికొనును. తండ్రి పరదేశమున పడు శ్రమ బిడ్డ బ్రదుకుట కొఱకు. ఆ బ్రదుకు నిలిచిన చదువు నేడు గాకున్న రేపు నిలుచును, అప్పు నేడు గాకున్న ఎల్లుండి తీఱును.