యయాతి ఎవరిని అడిగాడు?

ఆదిపర్వంలో యయాతి గుర్తున్నాడా? శుక్రాచార్యుల శాపంతో ఉన్నట్టుండి ముసలివాడైపోతే, కొడుకుల్ని యవ్వనం అడిగాడు. నలుగురు కాదన్నారు. చిన్నవాడు పూరుడు ఇచ్చేశాడు. వెయ్యేళ్ళు అనుభవించాక, కోరిక తీరలేదని ఆయనే ఒప్పుకుని వెనక్కిచ్చాడు.

ముడతలకి పీఆర్‌పీ చేయించుకోవడం పాపమా అని మీలో కొందరు అడుగుతున్నారు. నాకైతే పాపం అనిపించదండీ. మన చేతి రక్తమే కాస్త తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మాని మన ముఖంలోకే సూదులతో ఎక్కిస్తారు. కొడుకుది లాక్కోవడం లేదు కదా! ఒక్కసారితో అవదు, శాశ్వతమూ కాదు, అది వేరే సంగతి.

కానీ ఒక చెల్లెమ్మ, అమ్మ గాజులు తాకట్టు పెట్టి మూడు సిట్టింగులకి డబ్బు కట్టానంది. అమ్మకి చెప్పావా అన్నాను. "గాజులు అడిగాను, ఎందుకో చెప్పలేదు" అంది.

యయాతి కూడా పూరుణ్ణి విషయం చెప్పే అడిగాడమ్మా.