విన్నమాట, కన్నమాట

అసత్యమును నమ్మువాడు అవివేకి యని మనము సులభముగా తీర్పు చెప్పుదుము. అట్లు చెప్పుటలో మనము వివేకులమను తృప్తియు కొంత కలదు. కాని యీ తీర్పు విచారణకు నిలువదు.

2018వ సంవత్సరము జూలై 1వ తేదీని మహారాష్ట్రమందలి ధూళే జిల్లా రాయిన్‌పాడా గ్రామమునకు సంచారజాతికి చెందిన భిక్షుకులు కొందరు వచ్చిరి. ఆనాడు సంత. పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి సెల్‌ఫోనులద్వారా అప్పటికే యాప్రాంతమున వ్యాపించియుండెను. వారిలో నొకడు చిన్నబిడ్డను పలుకరించెనని జనము గుమిగూడి, ఐదుగురను కొట్టి చంపిరి. తెలుగువారి కిది పరాయికథ కాదు. అదే సంవత్సరము మే నెలలో హైదరాబాదునందును ఇట్టి వదంతికి ప్రాణము బలియైనది.

ఆ దినములలో దేశమున చేతులు మారిన దృశ్యములలో నొకటి కరాచీనగరమున బాలరక్షణమును బోధించుటకై తీసిన చిత్రము. అందు మోటారుసైకిలుపై వచ్చిన యిరువురు ఒక బాలుని ఎత్తుకొనిపోయి, మరల తెచ్చి దింపి, బిడ్డను అపహరించుటకు క్షణము చాలునని తెలుపు ఫలకమును చూపుదురు. ఎవరో యా చివరిభాగమును కత్తిరించిరి. మిగిలినది కన్నులార చూచిన సాక్ష్యమువలె లోకమును తిరిగెను.

దీనిని నమ్మినవారు క్రూరులా? పెక్కండ్రు తల్లిదండ్రులు. భయపడినవానికి నమ్మకపోవుటలో నష్టము కొండంతగను, నమ్ముటలో నష్టము గోరంతగను తోచును. పొరబడినను జాగ్రత్తపడితి ననుకొనును. ఆ జాగ్రత్త యెవరి ప్రాణముమీదికి వచ్చునో లెక్కింపడు. ఇక పునరుక్తి యొకటి. 1977లో అమెరికాదేశమున హాషర్, గోల్డ్‌స్టైన్, టొపినో యను మనశ్శాస్త్రజ్ఞులు పరీక్షించి, పలుమారులు విన్న వాక్యము, నిజమైనను కల్లయైనను, మరింత నిజముగా తోచునని కనుగొనిరి. నలుగురు పంపిన మాట నాలుగు సాక్ష్యములుగా కనబడును. ఒకే నోటిమాట నాలుగుమారులు ప్రతిధ్వనించినదని తోచదు. నిప్పులేనిదే పొగ రాదను సామెతయు దీనికి తోడగును. ఆ సామెతవలన ఎందరు నిర్దోషులు చెడిరో న్యాయస్థానముల నెరిగినవారికి తెలియును.

చదువు దీనికి కవచమందురేమో. నాకు విద్యావంతులయందే సందేహ మెక్కువ: తమకు ప్రియమైన కల్లకు యుక్తులు కూర్చుటలో వారి నేర్పు మెండు.

1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము, చూచినది చూచినవాడే చెప్పవలెనని 60వ సెక్షనులో విధించెను. 2024 జూలై 1వ తేదీనుండి దానికి బదులుగా వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందును ఆ నియమము నిలిచియున్నది. ఎవరో చెప్పగా వింటిననువానిని న్యాయాధిపతి ఆపివేయును. ఈ నియమమును ఇంటికి తెచ్చుకొనుటయే కష్టము. కోర్టులో సాక్షి పరాయివాడు. ఇంట వార్త పంపినవారు మేనమామగారో, చదువు చెప్పిన గురువుగారో యగుదురు. ప్రశ్నించిన అవమానించినట్లగునని మర్యాద అడ్డుపడును. 2018 జూలైలో వాట్సాపు సంస్థ మనదేశమున ఒక సందేశమును ఒక్కసారి ఐదు చోట్లకు మించి పంపరాదని కట్టడి చేసెను. మంచిదే, కాని యీ మర్యాదను యంత్రము దాటింపలేదు.

కావున నలుగురిలో ఖండింపక, ఏకాంతమున, “అయ్యా, ఇది తమకు చెప్పిన దెవరు? వారు స్వయముగా చూచిరా?” అని వినయముతో నడుగుడు. మన ప్రత్యర్థులను నిందించు వార్తయైనచో మరి రెండుమారు లడుగుడు. “ఎవరో పంపిరి” అనియే తరచుగా ప్రత్యుత్తరము వచ్చును. అప్పు డా మాటను మీయొద్దనే నిలిపివేయుడు.