ఆడతానన్న మాట ఎవరిది?

దెబ్బ తగిలిన ఆటగాడిని "ఆడగలవా?" అని అడుగుతాం. "ఆడతాను సార్" అంటాడు. అతడే ఒప్పుకున్నాడు కాబట్టి మన బాధ్యత తీరిందనుకుంటాం. కాలికో చేతికో తగిలితే ఆ మాటకు కొంత విలువ ఉంది. తలకు తగిలినప్పుడు కూడా ఉందా?

ఈ ప్రశ్న అమెరికా కళాశాలల్లో చాలా ఏళ్లుగా నలుగుతోంది. అక్కడి ఫుట్‌బాల్ మనం ఆడేది కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతితో పరుగెత్తేవాడిని ఎదుటి జట్టువాళ్లు ఢీకొట్టి పడేస్తారు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది గానీ లోపల మెదడు కుదుపును ఆపలేదు. ఆ కుదుపుతో మెదడు పనితీరు దెబ్బతినడాన్ని కంకషన్ అంటారు. రక్తం కారదు. చాలాసార్లు స్పృహ కూడా పోదు. స్కానింగ్‌లో ఏమీ కనబడకపోవచ్చు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, మతిమరుపు వంటివే గుర్తులు. అది మానకముందే మరో దెబ్బ తగిలితే, అరుదుగానైనా, మెదడు వాచి ప్రాణం పోవచ్చు.

ఏళ్ల తరబడి తగిలే దెబ్బల సంగతి వేరు. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రకటించిన పరిశీలనలో, కళాశాల స్థాయి వరకు ఆడి చనిపోయిన 53 మంది మెదళ్లలో 48 మందికి సి.టి.ఇ. అనే మెదడు క్షీణత వ్యాధి కనబడింది. అవి కుటుంబాలు దానం చేసిన మెదళ్లు. బాధలు చూసిన కుటుంబాలే ఎక్కువగా దానం చేస్తాయి కాబట్టి ఈ లెక్క ఆటగాళ్లందరికీ వర్తించదు. అయినా భయపడాల్సిన లెక్కే.

ఇక సమ్మతి సంగతి. "బాగానే ఉన్నాను" అని చెప్పాల్సింది దెబ్బతిన్న ఆ మెదడే. దాని వెనుక ఇంకో బలవంతం ఉంది. అక్కడ 1973 నుంచి చాలా ఏళ్లు క్రీడా స్కాలర్‌షిప్ ఒక్కో ఏడాదికే ఇచ్చేవారు. అంతకు మించి ఇవ్వడానికి 2012లోగానీ మళ్లీ వీలు కలగలేదు. మైదానం బయట కూర్చుంటే వచ్చే ఏడు చదువు ఉంటుందో లేదో తెలియని పేదింటి పిల్లవాడు తలనొప్పి దాచుకుంటాడు. అతడు చెప్పే "ఆడతాను"లో సగం మాట ఇంటి అప్పుది.

అందుకే 2010లో అక్కడి కళాశాల క్రీడల సంఘం, కంకషన్ అని తేలినవాడు ఆ రోజు మళ్లీ ఆడకూడదని నియమం పెట్టింది. అతడు ఒప్పుకున్నా సరే.

ఇక్కడ మనవాళ్లకు ఒక అనుమానం రావాలి. "మీ మేలు కోసమే" అంటూ మన తరఫున నిర్ణయాలు చేసినవాళ్లను ఆదివాసులం ఎంతమందిని చూడలేదు? పిల్లవాడి మాట పక్కన పెట్టడం కూడా అలాంటిదే కాదా? కాదని నా అభిప్రాయం, ఒక షరతు మీద. ఆడొద్దు అన్నవాళ్లు ఆ మాట ఖరీదు కూడా మోయాలి. కూర్చున్నందుకు సీటు పోదని, స్కాలర్‌షిప్ ఆగదని, జట్టులో చోటు ఉంటుందని ముందే చెప్పాలి. ఆ భరోసా లేకుండా ఆపితే అది పెత్తనం. ఆ భరోసా ఇస్తే, తల తేరుకున్నాక అతడు చెప్పే మాట నిజంగా అతడిది అవుతుంది.

మన ఆశ్రమ పాఠశాలల్లో కబడ్డీ ఆడే పిల్లల తల ఎదుటివాడి మోకాలికి తగులుతుంది. స్పోర్ట్స్ కోటా మీద ఆశ మనకూ ఉంది. కప్పు కోరుకునే మనిషి చేతిలో ఆ నిర్ణయం ఉండకూడదు. అనుమానం ఉంటే ఆ రోజుకు ఆట ఆపి, వైద్యుడికి చూపించాలి. నొప్పి దాచినవాడిని వీరుడని పొగడటం మానాలి. "సార్, తల తిరుగుతోంది" అని చెప్పినవాడిని అందరి ముందూ మెచ్చుకోవాలి. ఆ మాటకు ధైర్యం ఎక్కువ కావాలి.