తొలిరోజు నొప్పి

2006లో రాయలసీమ ఊళ్ళు చికున్‌గున్యాతో మూలుగుతున్నప్పుడు మా ఇంట్లో ముందు నాన్న మంచం పట్టాడు. ఒళ్ళు వెచ్చబడిన పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. అమ్మకు వచ్చిందని నాలుగో రోజుగ్గానీ మాకు తెలియలేదు. సంగటి గెలుకుతుంటే తెడ్డు జారిపడింది. అప్పుడు చూశాం, మణికట్లు వాచిపోయి ఉన్నాయి. "పనన్నాక నొప్పులుండవా!" అంది. జ్వరం వారంలో పోయింది. కీళ్ళనొప్పులు రెండేళ్ళున్నాయి.

1952లో ఇప్పటి టాంజానియాలో ఈ జబ్బును మొదట గుర్తించారు. అక్కడి మకొండే భాషలో ఆ పేరుకు వంగిపోవడమని అర్థం.

ఈ వైరస్ మన కణాల్లోకి వచ్చే తలుపు ఏదో 2018లో తెలిసింది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు, కీళ్ళ కణాల మీద కూడా ఉండే ఎంఎక్స్‌ఆర్ఏ8 అనే ప్రోటీనే ఆ తలుపని కనుక్కున్నారు. దాని బయటిభాగాన్ని విడిగా తయారుచేసి ఎలుకలకిచ్చారు. వైరస్ ఈ ఉత్తుత్తి తలుపునే పట్టుకుంది. ఎలుకల ఒంట్లో వైరసూ తగ్గింది, కాళ్ళ వాపూ తగ్గింది. దీన్నే డికాయ్ రిసెప్టర్ అంటున్నారు. మనుషులకిచ్చే మందుగా ఇంకా రాలేదు.

చదివి సంతోషపడ్డాను. "నువ్వే తలుపేసుకోవాల్సింది" అని దెబ్బతిన్నవాళ్ళకే నీతులు చెప్పే లోకం మనది. తలుపును తప్పుపట్టకుండా, వచ్చేదాన్ని గుమ్మం బయటే ఆపాలన్న ఆలోచన నాకు నచ్చింది.

తర్వాత ఇంకో సంగతి తట్టింది. ఈ ఎర వైరస్‌ను పట్టేది అది కణంలోకి దూరకముందే. దూరినదాన్ని ఏమీ చేయలేదు. కాబట్టి ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. అంటే తొలిరోజే నొప్పని చెప్పగలిగినవాళ్ళకు, చెబితే నమ్మే మనుషులున్నవాళ్ళకు అది బాగా పనిచేస్తుంది. మా ఇంట్లో అయితే నాన్నకు.

ఇది మందు తప్పు కాదు. దానికి ఆడా మగా తేడా తెలియదు. కానీ తేడా తెలియని మందు, తేడాలున్న ఇంటికే రావాలి. ఎవరి నొప్పి ఏ రోజున నొప్పిగా లెక్కకొస్తుందో ఆ ఇల్లే నిర్ణయిస్తుంది.

"మీ అమ్మ చెప్పలేదు కదా" అనొచ్చు. నిజమే, చెప్పలేదు. చెబితే పొయ్యి దగ్గరికి ఎవరు వెళ్ళేవాళ్ళు? ఆమె చెప్పకపోవడంలో మా అందరి సౌకర్యం ఉంది. ఆ నాలుగు రోజులూ ఆమె గెలికిన సంగటి నేనూ తిన్నాను. ఒక్కపూట కూడా ఆమె చేతుల వైపు చూడలేదు.