నడిచినంత మాత్రాన నమ్మవచ్చా?



చీపురుపల్లి స్టేషనులో బండి ఎక్కేటప్పుడు డ్రైవరు ఎవరని మనం అడగం. సిగ్నళ్ళు పనిచేస్తున్నాయా అనీ అడగం. నమ్మి ఎక్కుతాం, పిల్లలనూ ఎక్కిస్తాం. 2023 అక్టోబరు 29న మన జిల్లాలోనే, కంటకాపల్లి దగ్గర, ఆ నమ్మకానికి గట్టి దెబ్బ తగిలింది. సిగ్నళ్ళు పాడైన మార్గంలో ముందున్న విశాఖ–పలాస బండిని వెనుకనుంచి విశాఖ–రాయగడ బండి ఢీకొంది. 14 మంది మరణించారు. ఆ మార్గంలో అప్పటికి ‘కవచ్’ లేదు.

కవచ్ అంటే, డ్రైవరు ఎర్ర సిగ్నలు దాటబోతే తానే బ్రేకు వేసే ఏర్పాటు. దాన్ని నడిపేది కంప్యూటరు ప్రోగ్రాము. 2022 మార్చి 4న సికింద్రాబాదు డివిజనులో గుల్లగూడ–చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య దాన్ని పరీక్షించి చూపారు. రైల్వే మంత్రి ఉన్న ఇంజను, ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో దానంతటదే ఆగింది. సంతోషమే. కాని ఒకసారి ఆగినది ప్రతిసారీ ఆగుతుందని ఎలా చెప్పగలం?

ఈ ఒక్క ప్రశ్నకే జీవితాన్ని ధారపోసిన ఆచార్యులున్నారు. లండనులోని సిటీ విశ్వవిద్యాలయంలో బెవ్ లిటిల్‌వుడ్ 1983లో ఇందుకోసమే పరిశోధనా కేంద్రాన్ని స్థాపించారు. వంతెన తుప్పు పడుతుంది, చక్రం అరుగుతుంది. ప్రోగ్రాము అరగదు. అందులోని తప్పు రాసిన నాడే పుట్టి, తన సమయం వచ్చేదాకా దాగి ఉంటుంది.

ఇలాంటి రక్షణ ఏర్పాట్లకు విధించే అత్యున్నత ప్రమాణం ప్రకారం, ప్రమాదకరమైన వైఫల్యం 10 కోట్ల గంటలకు ఒకటికన్నా తక్కువ ఉండాలి. 10 కోట్ల గంటలంటే 11,000 ఏళ్ళకు పైమాటే! అంతకాలం నడిపి చూసేదెవరు? అంతటి భద్రతను కేవలం పరీక్షలతో నిరూపించలేమని లిటిల్‌వుడ్, లొరెంజో స్ట్రిజిని 1993లో తేల్చి చెప్పారు.

పోనీ, ఒకే ప్రోగ్రామును వేరువేరు మనుషులచేత రాయిస్తే? ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే మనం నమ్ముతాం గదా! జాన్ నైట్, నాన్సీ లెవెసన్ అమెరికాలో ఆ పనే చేసి చూశారు. రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థులచేత ఒకే పనికి విడివిడిగా 27 ప్రోగ్రాములు రాయించి, ఒక్కొక్కదానిని 10 లక్షల సార్లు పరీక్షించారు. ఒకరితో ఒకరు సంబంధం లేకుండా రాసినవారు కూడా, అనుకున్నదానికన్నా ఎక్కువగా, ఒకే చోట తడబడ్డారని 1986లో ప్రకటించారు. సాక్షులు ఇద్దరైనా పొరపాటు ఒకటే కావచ్చునన్నమాట.

అయితే కవచ్ వద్దని దీని అర్థమా? కానే కాదు. అది లేనిచోట భారమంతా అలసిపోయే మనిషి మీదనే పడుతుంది. అది తప్పక రావాలి. వచ్చాక కూడా డ్రైవరు జాగ్రత్త, తనిఖీ, చిన్న లోపాన్నైనా దాచకుండా రాసిపెట్టే అలవాటు ఉండాలి. సందేహం ఉన్నందువల్ల మంచి సాధనాన్ని మానుకోనక్కరలేదు. సాధనం వచ్చిందని కాపలా మానుకోకూడదు.

‘ఇది నమ్మదగినది’ అనడం ఒక సాక్ష్యం. దాన్ని విని మన బిడ్డలు బండి ఎక్కుతారు. తెలిసినదానికన్నా ఎక్కువ తెలిసినట్టు చెప్పడం అబద్ధ సాక్ష్యం కాదా? ఈ ఆచార్యులు కొత్త యంత్రమేదీ కనిపెట్టి ఉండకపోవచ్చు. ‘మాకు ఇంతవరకే తెలుసు’ అని ధైర్యంగా చెప్పారు. అదీ ఒక సేవే.

తల్లిదండ్రులారా, మీ అబ్బాయో అమ్మాయో ఇంజనీరింగు చదివి, కంపెనీ ఉద్యోగం కాదని, ప్రోగ్రాములలో తప్పులెలా పుడతాయో పరిశోధిస్తానంటే, ‘జీతమెంత?’ అన్న ప్రశ్నతోనే ఆ మాట కొట్టిపారేయకండి. కంపెనీలోనే చేరితే, ‘నీ ప్రోగ్రాము నడిచిందా?’ అని అడిగి ఊరుకోకండి. ‘అది ఎక్కడ తప్పిపోగలదో చూశావా?’ అని కూడా అడగండి. ఆ ప్రశ్న వేయడానికి కంప్యూటరు చదువు అక్కరలేదు.